ముందు చిన్న చక్రం

నెమలికొండ రాజు ప్రతాప భూపతికి ఉన్నట్టుండి ఏనుగు మీద మోజు తీరిపోయింది. మేత ఎక్కువ, నడక తక్కువ అని విసుక్కుని, ఓడ బేరగాళ్ళ దగ్గర ఒక కరెంటు బండి కొన్నాడు. ఆ రోజుల్లో కరెంటు బండి ఎక్కడిదని నన్నడక్కండి. రాజుగారు కావాలన్నారు, తెచ్చిపెట్టారు, అంతే.

బల్లపరుపు బాట మీద బండి రివ్వున పోయేది. చిక్కంతా కొండ దగ్గర వచ్చింది. విజయదశమినాడు రాజు కొండ మీది కోటకు వెళ్ళి జెండా ఎగరేయాలి. ఈసారి చూడడానికి పొరుగు రాజైన బావమరిది కూడా వస్తున్నాడు. "ఏనుగూ వద్దు, పల్లకీ వద్దు, బండి మీదే ఎక్కుతున్నా" అని రాజు అతనికి ముందే కబురు పంపి కూర్చున్నాడు.

సరే, ఒకసారి ఎక్కి చూద్దామని బయల్దేరారు. సగం దూరం పోయేసరికి బండి మూలిగింది, వేడెక్కింది, ఆగింది. ఆగి ఊరుకుందా, రాజుగారితో సహా వెనక్కి జారడం మొదలుపెట్టింది. మంత్రులూ సేనాపతులూ పంచెలు ఎగ్గట్టి వెనకనుంచి ఆనుకుంటే గానీ నిలబడలేదు.

అది చూసి ఒకడు ఫక్కున నవ్వాడు. వాడి పేరు ఓబన్న. రాజుగారి బిరుదులన్నీ గుక్క తిప్పుకోకుండా చదివే కొలువు వాడిది. తాతలనాటినుంచీ అదే పని, నోరు తప్ప వేరే ఆస్తి లేదు. ఆ నోటితోనే ఇప్పుడు నవ్వేశాడు.

"నవ్వొచ్చిందిరా?" అన్నాడు రాజు. "అయితే నువ్వే ఎక్కించు. విజయదశమికి బండి కొండెక్కకపోతే నీ కొలువు ఊడినట్టే. బతికినన్నాళ్ళూ ఈ బండి తోసుకుంటూ ఉందువుగాని."

ఓబన్నకు నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇంటికి పోతే తిట్టబోయే పెళ్ళాం మొహం కళ్ళముందు మెదిలింది.

దివాన్ మార్తాండరాయలు మాత్రం మీసం దువ్వుకున్నాడు. "బండిలో లోపమేమీ లేదు మహాప్రభూ. కొండే కాస్త నిటారుగా ఉంది" అన్నాడు. ఆయనకు అలా అనక తప్పదు. బండి కొన్న రోజున, ముందువైపు ఉండి గొలుసును లాగే పళ్ళ చక్రం చిన్నదిగా ఉందని, రాజుగారి హోదాకు తగదని, దాన్ని ఊడబీకించి పళ్ళెమంత బంగారు పూత చక్రం బిగించింది ఆయనే.

ఓబన్న రెండురోజులు బండి చుట్టూ తిరిగాడు, చేత్తో చక్రాలు తిప్పి చూశాడు. గొలుసుకు ముందున్న పళ్ళ చక్రం ఒక్కసారి తిరిగితే వెనకున్నది కూడా ఒక్కసారి తిరుగుతోంది. బస్తా బియ్యం ఒకేసారి ఎత్తుకోమంటే ఎవడైనా చతికిలబడతాడు, కుంచాలతో మోయమంటే మెల్లగా అంతా మోసేస్తాడు. బండికీ అదే కష్టమని వాడికి అర్థమైంది. కమ్మరి చేత ముందుకు చిన్న పళ్ళ చక్రం, వెనక్కి దానికి మూడింతల పెద్ద చక్రం చేయించి తెచ్చాడు.

బిగించబోతుంటే దివాన్ అడ్డం పడ్డాడు. సభలో పెద్ద గొడవ చేశాడు.

"అపచారం మహాప్రభూ. చిన్నది ముందా, పెద్దది వెనకా? అధికులు ముందుండాలి, అల్పులు వెనకుండాలి. కొలువు మర్యాద అది."

మర్యాద అనే మాట వింటే చాలు, రాజు బిగుసుకుపోతాడు. "దివాన్ చెప్పిందే సబబు. ఆ చక్రాలు అవతల పారేయండి" అన్నాడు.

పెళ్ళాం మొహం మళ్ళీ ఓబన్న కళ్ళముందు మెదిలింది. చేతులు కట్టుకుని వినయంగా దివాన్ వైపు తిరిగాడు.

"చిన్న సందేహం దివాన్ గారూ. ఊరేగింపులో ప్రభువులకన్నా ముందు నడిచేది ఎవరు?"

"నేనే" అన్నాడు దివాన్, ఛాతీ విరిచి. "వెండి బెత్తం పట్టుకుని పదేళ్ళుగా నేనే నడుస్తున్నాను. ఆ గౌరవం ఇంకెవరికీ లేదు."

"అధికులు ముందు, అల్పులు వెనక అని తమరే సెలవిచ్చారు. అంటే తమరు ప్రభువులకన్నా అధికులన్నమాట."

రాజు మెల్లగా దివాన్ వైపు తల తిప్పాడు. ఆ చూపుకు దివాన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"లేదు లేదు మహాప్రభూ," నీళ్ళు నమిలాడు. "ముందు నడిచేది... చిన్నవాళ్ళే. అల్పుణ్ణి గనకే నేను ముందు నడుస్తున్నాను. పెద్దవారు వెనకే వేంచేస్తారు."

"నా చక్రాలూ అదే మాట అంటున్నాయి దివాన్ గారూ."

రాజు గడ్డం గోక్కున్నాడు. "బిగించండి" అన్నాడు.

విజయదశమి వచ్చింది. బావమరిది గుడ్లప్పగించి చూస్తుండగా బండి గునగునా కొండెక్కింది. ఎక్కడా ఆగలేదు, మూలగలేదు. మునుపటంత వేగం లేదుగానీ, ఆ నడకలో ఓబన్న బిరుదులన్నీ రెండేసిసార్లు చదివాడు, రాజుకు అదీ నచ్చింది.

జెండా ఎగరేశాక రాజు వంగి చక్రాలను చూశాడు. "ఒరే ఓబన్నా, ఆ చిన్నది అంత గిరగిరా తిరుగుతోందేమిటి?"

"పెద్దవారు ఒక్కసారి తిరిగితే చిన్నవారు మూడుసార్లు తిరగాలి ప్రభూ. అందులోనే ఉంది బలమంతా."

ఇప్పుడిక రాజుగారు కోట చుట్టూ ప్రదక్షిణ చెయ్యాలి. వెండి బెత్తం పట్టుకుని దివాన్ ఎప్పటిలా ముందు నిలబడ్డాడు. రాజు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"దివాన్ గారూ, చిన్నవారు తమరేనన్నారుగా. నేనొక చుట్టు తిరిగేలోపు తమరు మూడు తిరగండి."

బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువంతా నవ్వింది, దివాన్ పంచె ఎగ్గట్టాడు. రాజు తన చేతి కంకణం తీసి ఓబన్నకు తొడిగి, బండి వెనక సీటు చూపించి ఎక్కి కూర్చోమన్నాడు.