గంజాయి ఆకుకి వేళ్ళు ఎందుకొచ్చాయి

ఒకప్పుడు గంజాయి ఆకు తామరాకులా గుండ్రంగా ఉండేది. ఇప్పుడున్నట్టు దానికి వేళ్ళూ గీళ్ళూ ఏమీ లేవు.

ఆ రోజుల్లో అడవిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఏం తిన్నా తొలి ముద్ద నేలతల్లికి పెట్టాలి. ఆవిడ అది తిని, "సరే, మిగతాది నీ ఒంటికి పట్టుగాక" అనేది. అప్పుడే తిన్నది ఒంటికి పట్టేది. చీమ కూడా తన నూకగింజలోంచి ఒక పలుకు విరిచి నేలకి పెట్టేది.

ఆ అడవిలో గట్టెమ్మ అనే ఉడుము ఉండేది. వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. అలాంటిలాంటి జ్వరమా? వీపు మీద అట్టు పోస్తే మాడిపోయేది! ఆ జ్వరం పోతూ పోతూ ఆకలిని కూడా వెంటబెట్టుకు పోయింది. గట్టెమ్మ తోక దారప్పోగులా అయిపోయింది. గాలి వీస్తే తోక ముందు, గట్టెమ్మ వెనక!

ఉడుముకి తోక సన్నబడితే మాటలా? చలికాలమంతా బొరియలో పడుకుని, తోకలో దాచుకున్న కొవ్వుతోనే బతకాలి మరి.

ఆ ఏడు చలిమామ కొండెక్కుతూ దాని బొరియ దగ్గర ఆగాడు. తోక గిల్లి చూశాడు.

"ఏమే కోడలా, ఇది తోకా, పిల్లి మీసమా?"

"జ్వరం మామా. ఆకలి చచ్చిపోయింది."

"నాకు జాలీ గీలీ తెలీవు. కొండ కొసకి పోయి తిరిగొస్తా. అప్పటికీ ఇలాగే ఉన్నావో, ఈ చలికి బతకవు. తర్వాత నన్ననొద్దు."

"చావను మామా. తిరిగొచ్చి మళ్ళీ గిల్లి చూడు!" అంది గట్టెమ్మ.

వాగు ఒడ్డున మోకాలెత్తు గంజాయి మొక్క ఈ మాటలు వింది.

"అక్కా, ఇలా రా. ఒక్క ఆకు నములు. పోయిన ఆకలి చుట్టాలందర్నీ వెంటేసుకుని వస్తుంది."

గట్టెమ్మ నమిలింది. అమ్మో, ఏం ఆకలి! ఏనుగుల మందలా వచ్చి పడింది. గట్టెమ్మ వాగులో పీతల్ని ఖాళీ చేసింది. గుడ్లు తింది, పుట్టలకి పుట్టలు నాకేసింది. కప్పలు భయపడి చెట్లెక్కాయి. తాబేలు తల లోపలికి లాక్కుని, మళ్ళీ వానలు పడేదాకా బయట పెట్టలేదు.

మొదటి పీతని పట్టినప్పుడే, గట్టెమ్మ తొలి ముద్ద నేలకి పెట్టబోయింది.

"అయ్యో, అంత కిందికి వంగుతావేంటక్కా? నా ఆకు విస్తరిలా ఉందిగా, దీని మీద పెట్టు. నేలతల్లికి నేనందిస్తాలే," అంది గంజాయి.

పొట్ట నేలకి ఆనించి నడిచే ఉడుముకి వంగడమేంటి? కానీ గట్టెమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి, బుర్ర బూరెలా ఉబ్బింది. ఆకు మీదే పెట్టేసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

ఒకరోజు పక్క బొరియ అలుగు పొలుసయ్య వచ్చాడు. ఒళ్ళంతా పొలుసులు, నోట్లో వెటకారం.

"ఏం వదినా, నా పుట్టల్లో ఒక్క చెదపురుగైనా మిగల్చలేదు. తిన్నదంతా ఎక్కడ దాచావు?"

"తోకలో దాచా!"

"ఏ తోకలో? వెనక్కి తిరిగి చూసుకో."

గట్టెమ్మ చూసుకుంది. తడి ఇసుకలో తోక గీసిన గీత వెంట్రుకంత ఉంది! తలెత్తింది. మోకాలెత్తు మొక్క టేకుచెట్టుని దాటి, మబ్బు వీపు గోకుతోంది.

"ఒసేయ్! నా తొలి ముద్ద నేలతల్లికి అందించావా?"

"దారిలో నేనే రుచి చూశానక్కా," అని గంజాయి పకపకా నవ్వింది.

గట్టెమ్మ నోట్లో ఆకు తుపుక్కున ఉమ్మేసింది. "ఇంక నీ ఆకు ముట్టను!"

"ముట్టకుండా ఉండలేవులే!"

ఆ మాట నిజమే. ఆకు లేకపోతే పీత బూడిదలా ఉంది, గుడ్డు సున్నంలా ఉంది. కాళ్ళు వాటంతటవే వాగువైపు నడుస్తున్నాయి. గట్టెమ్మ ఏం చేసిందో తెలుసా? పెద్ద బండ ఎక్కి నాలుగు కాళ్ళ గోళ్ళూ దిగేసింది. గంజాయి వాసన గాలిలో వచ్చి లాగింది. గట్టెమ్మ వదల్లేదు. "రా అక్కా, ఒక్కటంటే ఒక్క ఆకు!" అని కేకేసింది. వదల్లేదు. బండ నొప్పితో మూలిగింది గానీ గట్టెమ్మ మూలగలేదు.

"వదినా, కాస్త వదులు. దిగొచ్చి నీళ్ళన్నా తాగు," అన్నాడు పొలుసయ్య.

"నీళ్ళే ఇక్కడికి తే. చలిమామకి మాటిచ్చా!"

పొలుసయ్య దొప్పలో నీళ్ళు మోసీ మోసీ అలిసిపోయాడు. అప్పుడు రేగుపొద చాటునుంచి ఎలుకపిల్లంత ఆకలి ఒకటి తొంగి చూసింది. గట్టెమ్మ సొంత ఆకలి!

"ఆ గోల ఆకలి వెళ్ళిపోయిందా? దాని సందట్లో నాకు చోటు లేక ఇక్కడ కూర్చున్నా."

"వెళ్ళిపోయింది. రావే నా తల్లీ!"

గట్టెమ్మ బండ దిగింది. ఒక్క చెదపురుగు పట్టి, సగం తుంచి నేలమీద పెట్టింది.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానటే?" అంది నేలతల్లి. "సరే, మిగతాది నీ ఒంటికి పట్టుగాక."

ఆ సగం చెదపురుగుకే తోక చిటికెన వేలంత అయింది! అలా కొంచెం కొంచెం తింటూ, కొంచెం కొంచెం పెడుతూ గట్టెమ్మ తోకని రోకలి చేసింది.

అక్కడ గంజాయికి ముద్దల్లేవు. మబ్బుల్లోంచి సర్రున దిగి మనిషెత్తుకి కుంచించుకుపోయింది. "ఒక్క ముద్ద పెట్టక్కా!" అంటూ ఆకులు గట్టెమ్మవైపు చాచింది. చాచీ చాచీ గుండ్రటి ఆకులు పర్రున చిరిగి, వేళ్ళు వేళ్ళుగా విడిపోయాయి.

చలిమామ తిరిగొచ్చి తోక గిల్లాడు. "అబ్బా, నా వేలు!" అని ఊదుకున్నాడు. "పడుకో కోడలా, పడుకో. నీ జోలికి రాను."

అప్పటినుంచే గంజాయి ఆకు అడుక్కునే చేయిలా వేళ్ళు చాపుకుని ఉంటోంది. అది తెచ్చే ఆకలి ఎంత పెద్దదైనా, తిన్నది మాత్రం ఒంటికి పట్టదు. అప్పటినుంచే ఉడుము పట్టిన బండని వదలదు. గంజాయి ఎంత చేయి చాచినా, ఆ చేతిలో చీమ తల కూడా పెట్టదు.