చెరిగిపోయే కనుబొమలు

అమలాపురంలో కనుబొమలు దిద్దడమంటే వకుళమ్మగారి తర్వాతే ఎవరైనా. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న ధరణికి ఒకటే సందేహం. "బ్లేడుతో చెరిగిపోని రంగు దింపి ఒక్కో వెంట్రుకా గీసే మైక్రోబ్లేడింగ్ గొప్పదా, మెషీన్‌తో చుక్కలు చుక్కలుగా సూదిపోట్లతో రంగద్దే పౌడర్ బ్రోస్ గొప్పదా? ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్" అని రోజూ ప్రాణం తీసేది. ఒక్క ముక్కలో తేల్చే మనిషైతే ఆవిడ గురువెందుకవుతారు! "కుర్చీలో కూర్చున్నవాళ్లని అడగవే" అని ఊరుకునేవారు.

అలాంటి రోజుల్లో సత్యవేణి అనే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. థైరాయిడ్ మూలాన కనుబొమలు మొత్తం రాలిపోయాయి. చేతిలో తన పెళ్లినాటి ఫోటో ఒకటి పట్టుకొచ్చింది.

"ఇలాగే కావాలండి. మా అమ్మకి మతిమరుపు జబ్బు. బొమలు పోయిన దగ్గర్నుంచీ నన్ను పోల్చుకోలేకపోతోంది. అన్నం నేనే కలిపి పెడతాను. తిని, 'నిన్ను కన్నతల్లి పుణ్యాత్మురాలమ్మా' అంటుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను నా పేరుతో పిలిస్తే చాలండి" అంది.

ధరణి మనసు కరిగి నీరైపోయింది. "మైక్రోబ్లేడింగే మేడమ్! ఫోటోలో ఉన్నట్టు అచ్చు దిగిపోతాయి" అంటూ బ్లేడు ప్యాకెట్టు అందుకోబోయింది. వకుళమ్మగారు కళ్లతోనే వారించారు. ఆవిడకో పద్ధతి ఉంది. సూది ముట్టుకోకముందు పెన్సిల్‌తో ఒక బొమ ఒక రకంగా, రెండో బొమ రెండో రకంగా దిద్ది ఇంటికి పంపేస్తారు. ఇంట్లోవాళ్ల కళ్లకి ఏది నప్పిందో మర్నాడొచ్చి చెప్పాలి. సత్యవేణికీ అలాగే ఎడమవైపు సన్నటి గీతలు, కుడివైపు మెత్తటి నింపుడు దిద్దారు. ఆ మనిషి అద్దంలో ఒకసారి చూసుకుంది. ఫోటో పర్సులో పెట్టుకుని వెళ్లిపోయింది. అంత ఆశపడి వచ్చినదాన్ని అలా చిత్తుబొమ్మని చేసి పంపినందుకు ధరణికి గురువుగారి మీద కోపమే వచ్చింది.

మర్నాడు షాపు తాళం తీసేసరికి సత్యవేణి గుమ్మంలో ఉంది. పెన్సిల్ జాడ లేదు. దాని చోట వేలెడు లావున రెండు కాటుక గీతలు, అందులో ఒకటి కణతదాకా పాకింది.

"అయ్యయ్యో! ఇదేంటండీ?" అంది ధరణి.

"మా అమ్మేనండి. ముద్ద పెడుతుంటే నా మొహంకేసి అదే పనిగా చూసింది. చూసి చూసి, 'ఓసి బుల్లెమ్మా! ఎవరే నీకు బొమలు ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా దిద్దింది?' అంది. బుల్లెమ్మా అందండీ! నా చిన్నప్పటి పేరు. కొంగు తడిపి తుడిచేసి, కాటుక తెప్పించి, నీళ్లు పోసిన పసిపిల్లకి దిద్దినట్టు దిద్దింది. 'కదలకే, వంకరపోతుంది' అని కసిరింది కూడాను" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది. "పొద్దున లేచి మళ్లీ 'ఎవరమ్మా నువ్వు' అంది. అందుకే పరుగెత్తుకొచ్చాను. ఇవే, ఈ వంకర బొమలే, ఇంక చెరిగిపోకుండా వేసేయండి."

కాటుకలా నిండుగా రావాలంటే పౌడర్ బ్రోసే సరి అని ధరణి గబగబా మెషీన్ సర్దింది. వకుళమ్మగారు మాత్రం దూది తడిపి, ఆ కాటుక తుడవబోయారు.

సత్యవేణి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "వద్దండీ! మా అమ్మ దిద్దింది!"

"అందుకేనమ్మా" అన్నారు వకుళమ్మగారు.

ఆ మాటకి సత్యవేణి పట్టు మెల్లగా వదిలింది. కాటుక తుడిచిన చోట వకుళమ్మగారు మళ్లీ పెన్సిల్‌తో ఎడమది ఒకలా, కుడిది ఒకలా దిద్దారు. "అన్నం కలుపుకుని మళ్లీ అమ్మ ఎదురుగా కూర్చోండి. కాటుక ఆవిడ చేతికి అందేలా పెట్టుకోండి" అని చెప్పి పంపించారు.

సత్యవేణి వీధి మలుపు తిరిగేదాకా చూసి ధరణి ఉండబట్టలేక అడిగింది. "ఇంతకీ ఏది గొప్పదో చెప్పనేలేదు మేడమ్. పోనీ, ఆవిడకి రెండిట్లో ఏదో ఒకటి చక్కగా చేసి పంపాల్సింది కదా?"

వకుళమ్మగారు పెన్సిల్‌కి మూత పెట్టారు.

"చక్కగా కుదిరిపోతే ఆ తల్లి చేతికి ఇంక పనేముంటుందే?"