దొర ఆకలి, దుబాసీ నాలుక

దుబాసీ బతుకంత దిక్కుమాలిన బతుకు మరొకటి లేదని మస్తాను రోజూ అనుకునేవాడు. రేవులో ఇంగ్లీషు దొరల మాటలు అరబ్బు వర్తకులకు వాళ్ల భాషలో చెప్పడం అతని పని. ఉన్నదున్నట్టు చెబితే కొట్లాట, సర్ది చెబితే మోసగాడన్న నింద. కొత్తగా వచ్చిన రేవు అధికారి రంగపతి మరీ బిగించాడు.

"ఇక్కడ ఎవరేమన్నా మాటకు మాట అరబ్బీలో చెప్పాలి. ఒక్కటి మారినా నీ నాలుక కోయిస్తా!"

అంతలో ఒక ఇంగ్లీషు దొర ఓడ దిగి, "ఈ ఆకలికి గుర్రాన్నైనా తినేస్తాను" అన్నాడు. బాగా ఆకలేస్తే ఇంగ్లీషువాళ్లు అనే మామూలు మాటే అది. ఎదురుగా ఒక అరబ్బు గుర్రాల వర్తకుడు తన ఆడగుర్రాన్ని కన్నబిడ్డలా నిమురుతున్నాడు.

మస్తానుకి పైప్రాణాలు పైనే పోయాయి. తేరుకుని, ముందు రంగపతి బెదిరింపును పొల్లుపోకుండా అరబ్బీలో వినిపించాడు. ఆ తర్వాతే దొర మాట చెప్పాడు.

కత్తి మీదికి వెళ్లిన వర్తకుడి చెయ్యి ఆగిపోయింది. "ఇతన్ని మాట వెనక అర్థం చెప్పనిస్తేనే ఓడలోంచి గుర్రాలు దింపుతాను" అని మస్తాను చేత రంగపతికి చెప్పించాడు. రాజుగారు ఆ గుర్రాల కోసమే ఎదురుచూస్తున్నారు. రంగపతి పళ్లు నూరుతూనే సరేనన్నాడు.

"దొరగారికి ఆకలేస్తోందట" అన్నాడు మస్తాను.

వర్తకుడు పగలబడి నవ్వి, దొరకు ఖర్జూరాలు పెట్టించాడు. గుర్రానికి గడ్డి వేయించాడు.

మస్తాను పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆకలన్న మాట అతనికి మూడు భాషల్లో వచ్చు. అతన్ని ఒక్క భాషలోనూ ఎవరూ అడగలేదు.