వచ్చిన రోజు ఉన్నట్టే

మేదర వీధిలో పైడయ్య వాళ్ళింట్లో తెలివికి కరువు లేదు. ఆ సంగతి వీధిలో ఇంకెవరికీ తెలియదు గానీ, పైడయ్యకి తెలుసు, పెళ్ళాం నూకాలుకి తెలుసు, తమ్ముడు గవరయ్యకి తెలుసు. ముగ్గురికీ తెలిశాక ఇంక లోకంతో పనేముంది?

"ఇంటికో తెలివైనవాడుంటే చాలంటారు. మనం ముగ్గురం! అద్దె కొంపలో ఇంత తెలివి పడుతుందా?" అనేవాడు పైడయ్య.

తెలివి పట్టక కాదు గానీ, నీళ్ళ కోసం ఇల్లు మారాల్సి వచ్చింది. ఈ ఇంటికి కుళాయి పెరటి చివర. బిందెలు మోసి మోసి నూకాలు నడుం పడిపోయింది. పై వీధిలో వంటింట్లోనే కుళాయి ఉన్న ఇల్లు దొరికింది. ఆ ఇల్లుగలావిడ గట్టి మనిషి. "రేపు పొద్దున్న పది లోపు పాలు పొంగించి దిగండి. దాటితే ఇంకొకరు కాచుక్కూచున్నారు" అనేసింది. నూకాలు అప్పట్నుంచే గాల్లో చెయ్యి తిప్పుతూ, లేని కుళాయి కట్టేస్తోంది, విప్పుతోంది.

ఉన్న ఇంటి యజమాని అచ్యుతరావు గారు. ఊరికి వెళుతూ ఒకే మాట చెప్పారు: "పైడయ్యా, రేపు పొద్దున్నకి వస్తాను. మీరు దిగిన రోజు ఇల్లు ఎలా ఉందో, సరిగ్గా అలాగే అప్పజెప్పు. అంతకుమించి నాకేమీ వద్దు."

మాట ఇచ్చాడు పైడయ్య. అంతే, ముగ్గురూ చాప పరిచి, దిగిన రోజు ఇల్లెలా ఉందో గుర్తు చేసుకోవడం మొదలెట్టారు.

"ఆ రోజు కుళాయి కారేది. మనమే కదా వాషరు వేయించాం!" అంది నూకాలు.

ఇంకేముంది, గవరయ్య కుళాయి విప్పి వాషరు పీకేశాడు. నీళ్ళు బొట్లుబొట్లుగా కారకుండా ధారగా ఎగిసి పెరడంతా మడుగైంది.

"అన్నయ్యా, ఆ రోజు ఇంత కారలేదే!"

"తక్కువిస్తే తప్పు గానీ, ఎక్కువిస్తే ఎవడు కాదంటాడురా?"

ఆ రోజు కరెంటు లేదని గుర్తొచ్చింది. ఫ్యూజు పీకారు. ఆ రోజు వీధి మొత్తానికే లేదని పైడయ్యకి తట్టింది. అందరినీ కరెంటు ఆపుకోమంటూ గవరయ్య గడప గడపకీ తిరిగాడు.

"మిక్సీలో పచ్చడి సగం నలిగింది, ఇప్పుడు ఆపమంటావేంట్రా?" అని కేకలేసింది పక్కింటి సన్యాసమ్మ.

"సగం నలిగిన పచ్చడి ఎక్కడికీ పోదు పిన్నీ. మా మాట పోతుంది."

సన్యాసమ్మ పచ్చడిబండ తీసింది. గవరయ్య ఇల్లు చేరాడు.

మీటరులో అంకె బాగా పెరిగిపోయి ఉంది. ఫ్యాను తిరిగితే పెరిగింది కదా, వెనక్కి తిప్పితే తగ్గుతుంది! పైడయ్య స్టూలెక్కి రెక్కలు వెనక్కి తిప్పాడు. నూకాలు మీటరు ముందు కాపలా.

"తగ్గుతోందా?"

"లేదు గానీ, పెరగడం ఆగింది!"

"చూశావా! సగం పని అయిపోయినట్టే" అంటూ కళ్ళు తిరిగి కిందపడ్డాడు.

ఇక గ్యాసు. ఆ రోజు యజమాని ఇచ్చిన సిలిండరు నిండుగా ఉంది, ఇప్పుడు తేలిపోతోంది. రుబ్బురోలు పొత్రాన్ని దానికి తాడుతో కట్టి ఎత్తి చూశారు. "ఆఁ! ఆ రోజూ నడుం ఇలాగే పట్టేసింది" అని ముగ్గురూ తృప్తిపడ్డారు.

తెల్లారింది. సామాను ఆటోలోకెక్కింది. నూకాలు కొత్త ఇంటికని పాలగిన్నె ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఇంతలో అచ్యుతరావు గారు దిగారు. పెరట్లో మడుగు, ఇంట్లో చీకటి, పొత్రం మోస్తున్న సిలిండరు చూశారు. ఏదో అనబోయి, అంటే ఇంకేం చేస్తారో అని భయపడి, "సరే సరే, అంతా బాగుంది. బయల్దేరు నాయనా" అన్నారు.

పైడయ్య కదల్లేదు. ఇల్లంతా పరకాయించి చూశాడు. "లేదు బాబూ. ఏదో తక్కువైంది. ఆ రోజు ఇల్లింత బోసిగా లేదు."

ఆటోలోంచి నూకాలు అరిచింది. "ఉంటుందేంటి! ఆ రోజు ఇంట్లో మనం ఉన్నాం కదా!"

పైడయ్య నుదురు కొట్టుకున్నాడు. ఎంత మోసం జరిగిపోయేది! అంతే, మంచం దిగింది, బీరువా దిగింది, చీపురుతో సహా అన్నీ ఎక్కడివక్కడ సర్దారు.

"ఒరే, పది కావస్తోందిరా! ఆ ఇల్లు పోతుందిరా!" అని ఆటోవాడు మొత్తుకున్నాడు.

"ఇల్లు పోతే ఇల్లొస్తుంది. మాట పోతే వస్తుందా?" అన్నాడు పైడయ్య. "నూకాలూ, ఆ రోజు పొయ్యి మీద పాలు పొంగాయి కదూ?"

పాలు పొంగాయి. సరిగ్గా పది లోపే పొంగాయి. నూకాలు దణ్ణం పెట్టింది. ఆటోవాడు ఖాళీ బండి తోలుకుపోయాడు. అచ్యుతరావు గారు అరుగు మీద చతికిలబడి, నీరసంగా అడిగారు: "మరి ఖాళీ చేసేదెప్పుడురా?"

"పాలు పొంగించిన రోజే ఖాళీ చేస్తారా ఎవరైనా? అపశకునం బాబూ!"

నూకాలు బిందె చంకనెత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, వెనక్కి తిరిగి కేకేసింది.

"ఇదేం ఇల్లండీ బాబుగారూ! కుళాయి కారుతోంది, కరెంటు లేదు. అద్దెకిచ్చేముందు కాస్త చూసుకోవద్దా?"