పడవబొమ్మకు కొత్త చక్రం

మబ్బులు నేలమీదే నిద్రపోయే రాజ్యం ఒకటుండేది. అక్కడి ఏట్లో ఓ కొయ్యబొమ్మ పాడుతూ పడవ నడిపేది. ఆ పాట వింటూ జనం కునుకు తీసేవాళ్లు. కళ్లు తెరిచేసరికి అవతలి ఒడ్డు వచ్చేసేది.

ఒకనాడు ఆస్థాన యంత్రాచార్యుడు ఆ బొమ్మ గుండెలోని పాత ఇత్తడి చక్రాన్ని ఏటిపాలు చేసి, తాను చేసిన కొత్తది బిగించాడు. అంతే, పాట ఆగిపోయింది. తెడ్డు కదల్లేదు. బొమ్మ నీళ్లలోని మబ్బులను చూస్తూ కూర్చుండిపోయింది.

"నా చక్రంలో ఏ లోపమూ లేదు ప్రభూ! రోజూ బొమ్మను తుడిచే ఈ నూకాలే తడిచేత్తో దాన్ని చెడగొట్టింది. రేవునుంచి వెళ్లగొట్టండి!" అన్నాడు ఆచార్యుడు రాజుతో.

నూకాలు దణ్ణం పెట్టింది. "అయ్యగారింట్లో విసనకర్రతో విసిరే బొమ్మ ఉంది మహారాజా. అది దీని తోబుట్టువే, దాని చక్రమూ ఆ పాతరకమే. దాన్ని నేనెన్నడూ ముట్టుకోలేదు. ఈ కొత్త చక్రం దానికి పెట్టి చూడండి. అది విసిరితే తప్పు నాదే."

ఆచార్యుడు ఉలిక్కిపడ్డాడు. "దానికెందుకు? మాది బాగానే పనిచేస్తోందిగా!"

"మాదీ నిన్నటిదాకా బాగానే పనిచేసిందండి," అంది నూకాలు.

రాజు నవ్వాపుకుంటూ రెండు బొమ్మల చక్రాలూ మార్పించాడు. పడవబొమ్మ మళ్లీ పాట అందుకుంది. ఆచార్యుడి ఇంట్లో బొమ్మ మాత్రం విసనకర్ర ఎత్తి పట్టుకుని, కిటికీలోంచి మబ్బులను చూస్తూ ఉండిపోయింది. కరుణించి కదులుతుందేమోనని ఇప్పుడు ఆచార్యుడే దానికి విసురుతున్నాడట.