పులి తోడిన ఇసుక

ఆ ఏడు రోహిణి కార్తెలో ఎండ కాసిందంటే తక్కువ చెప్పినట్టే. అది అడవి మీద కక్ష గట్టింది. ఎర్రవాగు ఎండి ఇసుక తేలింది. మోదుగాకులు చెట్టు మీదే వేగిపోయాయి. మధ్యాహ్నం పూట ఎగిరిన పిట్ట మళ్లీ గూటికి చేరుతుందన్న నమ్మకం లేదు. అంత అడవికీ మిగిలింది ఒక్క చెలమ. వాగు మలుపులో అడవిపంది పిచ్చయ్య ముట్టెతో ఇసుక తవ్వి తీసిన గుంట అది. అడుగున నీళ్లు కాసిని కాసినిగా ఊరేవి.

చెలమకు ఒక కట్టుబాటు ఉంది. తాగినవాడు మూతి తుడుచుకుని ఊరికే పోకూడదు. గుంటలోకి జారిన ఇసుకను కాళ్లతో తోడి బయట పోసి మరీ పోవాలి. లేకపోతే ఊట పూడుకుపోతుంది. ఇది అక్కడ పుట్టిన ప్రతి ప్రాణికీ తల్లిపాలతోనే అబ్బిన అలవాటు. తాగడం అవగానే, మనసు ఎక్కడున్నా, కాళ్లు ఇసుక తోడేసేవి.

కుందేలు ఈరమ్మకు తంగేడు పొద కింద మూడు పిల్లలు. పుట్టి ఐదు రోజులు. తల్లి గుక్కెడు తాగితేనే వాటికి పాలు. రెండు రోజులుగా పాలు చాలడం లేదు. కడగొట్టుది ఏడవడం కూడా మానేసింది. అది ఏడుస్తున్నప్పటికంటే మానేశాకే ఈరమ్మకు ఎక్కువ భయం వేసింది.

చెలమలో నీళ్లు లేకపోలేదు. కాకపోతే అక్కడ చిరుతపులి ఉంది. ఉందని చెప్పినవాడు నక్క మాలకొండయ్య.

"ఒట్టు, నా కళ్లారా చూశా," అన్నాడు వారం కిందట అందర్నీ చెట్టు నీడకు పిలిచి. "ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏమో, ఇంత పొడుగుంది. తెల్లారింది మొదలు నీళ్ల దగ్గరే పడుకుంటోంది. నమ్మకపోతే అడుగులు చూసుకోండి."

చూశారు. తడి ఇసుకలో అడుగులు, వెడల్పుగా, లోతుగా. చూసిన వాళ్లెవరూ రెండోసారి చూడలేదు.

"నేను చెలమ పక్కనున్న రాతి మీద కాపు కాస్తా," అన్నాడు మాలకొండయ్య. "అది లేచి పోగానే కూత పెడతా. నా కూత వినపడిందాకా ఒక్కరూ అడుగు బయట పెట్టొద్దు. పోతే నా ప్రాణమే పోతుంది, పోనీండి."

పిచ్చయ్యకు కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది. ఆ రోజు నుంచీ కూత సరిగ్గా నడినెత్తి మీదికి ఎండ వచ్చాకే వినపడేది. అప్పుడు అందరూ కాలే ఇసుకలో కాళ్లు ఎత్తెత్తి వేసుకుంటూ పరిగెత్తేవారు. తీరా చూస్తే రాత్రంతా ఊరిన నీళ్లు ఎండకి ఇగిరిపోయి గుంటలో అడుగున ఇంత చెమ్మ. నాలుక తడుపుకుని మళ్లీ ఆ నిప్పుల్లోనే వెనక్కి. ముసలి నెమలి ఒకటి అలా వెళుతూ దారిలో కూలబడింది. మర్నాడు ఈకలే మిగిలాయి.

"తొందరగా రమ్మని అరిచా. వినలేదు. పులి వెనక్కి తిరిగొచ్చింది," అన్నాడు మాలకొండయ్య. అడవంతా చిక్కి శల్యమవుతుంటే వాడి పొట్ట మాత్రం నున్నగా ఉంది. భయంలో ఉన్నవాళ్లు పొట్టలు చూడరు.

ఆ రోజు కూత వినగానే ఈరమ్మే ముందు చేరింది. తడి ఇసుకను నాకుతూ పక్కకు చూసింది. గుంట అంచున ఇసుక కుప్పగా పోసి ఉంది. పొద్దున ఎవరో తోడిన ఇసుక. పైపొర ఎండింది కానీ లోపల ఇంకా తడే. ఈరమ్మ నాలుక ఆగిపోయింది.

పులి తాగిందంటే సరే. కానీ తాగి, వెనక వచ్చేవాళ్ల కోసం ఇసుక తోడి పోయిందా? ఎక్కడి నుంచో వచ్చిన పులికి ఈ చెలమ కట్టుబాటు ఎవరు నేర్పారు?

"ఏందమ్మాయ్, ఆగిపోయావు?" రాతి మీద నుంచి మాలకొండయ్య అడిగాడు. చూపు ఆమె మీదే ఉంది.

"ఏం లేదు మావా. కళ్లు తిరిగాయి."

"తిరుగుతాయి మరి. ఈ ఎండకి పడిపోతావేమో, జాగర్త," అన్నాడు పెదాలు నాక్కుంటూ.

ఈరమ్మ ఒళ్లంతా చల్లబడింది. ఆ వారంలో ఆమెకు చల్లగా అనిపించింది ఆ ఒక్కసారే.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే, పిల్లల మీద ఎండుటాకులు కప్పి, వాగు గట్టున రేగుపొద వెనక నక్కింది. పులి నిజంగానే ఉంటే ఈ పొద్దుతో తన పని సరి. పిల్లల పనీ సరే.

తెల్లవారుతుండగా వచ్చింది పులి కాదు, మాలకొండయ్య. అదే రేగుపొద అవతలి వైపు మూతి పెట్టి వెలగకాయ డిప్ప ఒకటి లాగాడు. ఈరమ్మ ఊపిరి బిగపట్టింది. వాడు డిప్పను ఇసుకలో అదిమి, దాని ముందు ముక్కుతో నాలుగు పొడుపులు పొడిచాడు. పులి అడుగు తయారు. అలా గుంట చుట్టూ పాతిక అడుగులు వేసి, తన అడుగులు తోకతో చెరిపేసి, డిప్పను మళ్లీ పొదలో దాచి, కడుపారా నీళ్లు తాగాడు. తాగి, ఇసుక తోడాడు. అంత మోసగాడూ ఆ అలవాటు మాత్రం మానలేకపోయాడు.

ఈరమ్మ నేరుగా పిచ్చయ్య దగ్గరికి పరిగెత్తి చూసిందంతా చెప్పింది. బురద ఎండి పగిలిన ఒంటితో పిచ్చయ్య రొప్పుతూ విన్నాడు.

"నువ్వు చూసింది నక్కని," అన్నాడు చివరికి. "పులి నీకు కనపళ్లేదంతేనమ్మా."

"లేనిది ఎట్టా కనపడుద్ది పెదనాన్నా?"

"కనపళ్లేదని లేదంటే ఎట్టా? పిల్లల తల్లివి. ఇట్టాంటి మాటలు పైకి అనబాక. పులి చెవిన పడితే?"

ఈరమ్మకు ఏడుపొచ్చింది. భయపడుతున్నవాడికి భయం లేదని చెబితే కోపం వస్తుందే తప్ప ధైర్యం రాదు. ఇక చెప్పి లాభం లేదనుకుంది.

ఆ మర్నాడు మాలకొండయ్య నీళ్లు తాగి రాతి మీదికి ఎక్కి కూర్చోగానే, ఆమె గట్టు చాటున పాక్కుంటూ రేగుపొదలోంచి డిప్ప తీసుకుంది. రాయికి వెనకవైపు వాడి బొరియ. దాని చుట్టూ డిప్ప అదిమింది, ముక్కుతో నాలుగు పొడిచింది. ఇసుక అప్పటికే ముక్కును కాలుస్తోంది. రాతి మీద వాడు ఒక్కసారి ఇటు తిరిగితే చాలు, అంతా అయిపోతుంది. అడుగులు బొరియ చుట్టూ మూడుసార్లు తిప్పి, గుమ్మానికి ఎదురుగా ఉన్న ఈతపొదలోకి తీసుకెళ్లి వదిలేసింది. పొదలోంచి బయటికి ఒక్క అడుగూ వేయలేదు. తన అడుగులు ఆకుల కొమ్మతో చెరిపేసి, డిప్పను దుమ్ము దులిపి, ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టేసింది.

మధ్యాహ్నం కూత పెట్టి, ఇవాళ ఎవరైనా కూలతారేమోనని కాసేపు చూసి, మాలకొండయ్య ఇంటికి బయల్దేరాడు. బొరియ ముందు అడుగులు కనపడ్డాయి. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. ఇవి తను వేసినవి కావు. పరుగున పోయి రేగుపొదలో చూశాడు. డిప్ప పెట్టినచోటే ఉంది.

అంటే ఇవి డిప్ప వేసిన అడుగులు కావు.

ఎదుట ఈతపొద గాలికి కదిలింది. మాలకొండయ్య తోక ముడిచి బొరియలో దూరాడు. పులి పట్టనంత లోపలికి, చివరికంటా దూరాడు.

మర్నాడు రాతి మీద ఎవరూ లేరు. నడినెత్తికి ఎండ వచ్చినా కూత లేదు. ఈరమ్మ మాత్రం తెల్లవారుజామునే ఒంటరిగా వెళ్లి, నిండా ఊరిన చెలమలో కడుపు నిండా తాగి వచ్చింది. వాగు నుంచి తడి మూతితో వస్తున్న ఆమెను పిచ్చయ్య చూశాడు. ఆ పై రోజు ఆమె వెనకే మెల్లగా అడుగు వేశాడు. అతని వెనక మిగతావాళ్లు. కడగొట్టు పిల్ల ఆ సాయంత్రం పాల కోసం గుక్కపట్టి ఏడ్చింది. ఈరమ్మ దాన్ని ఏడవనిచ్చి వింది.

మూడో రోజు ఈరమ్మ, పిచ్చయ్య బొరియ పక్కగా పోతుంటే లోపలి నుంచి రొప్పు వినపడింది. నీళ్లు లేని గొంతు చేసే చప్పుడు ఎలా ఉంటుందో ఈరమ్మకు తెలుసు.

"పోనీ చావనీ," అన్నాడు పిచ్చయ్య.

"చెలమ అందరిదీ పెదనాన్నా," అని ఈరమ్మ గుమ్మం దగ్గర వంగింది. "మావా, పులి లేదు. ఆ అడుగులు నేనే వేశా, నీ డిప్పతోనే. బయటికొచ్చి ఇన్ని నీళ్లు తాగు."

లోపల రొప్పు ఆగింది. ఎండిన గొంతు పలికింది.

"అది నీ పక్కనే ఉంది కదూ? నీ చేత అట్టా చెప్పిస్తోంది."

"లేదు మావా. ఒట్టు."

"నేనూ ఒట్టేసే చెప్పా, ఉందని," అన్నాడు మాలకొండయ్య. "ఒట్టుదేముందిలే. వెళ్లిపో. దాన్నీ తీసుకుపో."

ఎంత పిలిచినా రాలేదు. వాడు ఇంకా లోపలికి జరుగుతున్నట్టు గోళ్లు మట్టి గీరిన చప్పుడు మాత్రం వినపడింది. ఈరమ్మ ఆ పొద్దంతా రెండుసార్లు వెళ్లి పిలిచింది. రెండోసారి ఏ చప్పుడూ లేదు.

తొలకరి పడి వాగు పారేదాకా ఆ చెలమే అందర్నీ బతికించింది. ఈరమ్మ భయం పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ నీళ్లకు తల వంచేముందు ఒకసారి వెనక్కి చూస్తుంది. తాగాక ఇసుక తోడి మరీ వస్తుంది.

ఎదుటివాళ్ల గుండెల్లో అబద్ధపు భయం నాటినవాడు, అదే భయం తన గుమ్మంలో మొలిచిన రోజున నిజం వచ్చి పిలిచినా బయటికి రాలేడు.