గద్వాల చీర, సుంకన్న చెయ్యి

బేతంచెర్ల నాపరాళ్ళ గనిలో ముప్పై ఏళ్ళు బండలు కొట్టి ఇంటిపట్టున కూర్చున్న సుంకన్నకు, ఏ పనైనా బలంతోనే అవుతుందనీ, ఒకరిని అడగడమంటే నామోషీ అనీ గట్టి నమ్మకం ఉండేది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కదా, ఆయన తన మొండితనాన్ని కూడా బలం కిందే లెక్కేసుకునేవాడు. మనిషి మాత్రం మంచివాడు. భార్య మద్దమ్మ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు, ఇంట్లో బట్టల పని తనకొదిలెయ్యమని ఆయనే ముందుకొచ్చాడు.

ఇక ఆ ఉతుకు చూడాలి మీరు. పెరట్లో తాను చెక్కి వేసుకున్న బండ మీద బట్టల్ని చితకబాదేవాడు. పంచెలూ దుప్పట్లూ తెల్లగా మెరిసేవి. చొక్కాల గుండీలు మాత్రం వారానికి రెండు మూడు పగిలేవి. అదేమని మద్దమ్మ అడిగితే, ఈ కాలంలో గుండీలు గట్టిగా రావడం లేదనేవాడు.

ఆ నెలలోనే చిన్నకూతురు ఈశ్వరికి సీమంతం కుదిరింది. మద్దమ్మ తల్లి తన సీమంతానికి కట్టుకున్న గద్వాల చీర ఒకటి ఆ ఇంట్లో ఉండేది. మీగడరంగు ఒళ్ళు, ఎర్రటి అంచు. ఎన్ని కొత్త చీరలు పెట్టినా, ఆ ఇంటి ఆడపిల్లలు సీమంతం పీట మీద అదే కట్టుకుని కూర్చునేవాళ్ళు. మద్దమ్మ కూర్చుంది, పెద్దకూతురు కూర్చుంది. ఇప్పుడు ఈశ్వరి వంతు. మద్దమ్మ తల్లి పోయి ఎన్నో ఏళ్ళయింది. పిల్లలకు ఆమె చెయ్యి తగిలినట్టు అనిపించేది ఆ చీరలోనే.

పెట్టెలోంచి తీసి చూస్తే కొంగు దగ్గర పాత గంధం మరక ఉంది. మద్దమ్మ ఆ పూట కట్టు విప్పించుకోవడానికి ఈశ్వరిని తోడు తీసుకుని కర్నూలు వెళ్తోంది. చీర జోలికి పోవద్దని, సాయంత్రం వచ్చాక ఎదురింటి లింగమ్మక్కను అడిగి ఉతుకుదామని భర్తకు రెండుసార్లు చెప్పి మరీ బస్సెక్కింది. లింగమ్మ గద్వాల నేతగాళ్ళ ఇంట పుట్టి ఈ ఊరికి కోడలుగా వచ్చిన మనిషి. రోజంతా గడపలో కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుండేది.

అడగడం అన్న మాట దగ్గరే సుంకన్నకు చిర్రెత్తింది. చీర ఉతకడానికి కూడా సలహాలా? చీరను చేత్తో తడిమి చూశాడు. నూలు. నూలుకు భయమేమిటి అనుకున్నాడు. గద్వాల చీరలో కిటుకే అది. ఒళ్ళు నూలే, అంచూ కొంగూ మాత్రం పట్టు. ఆ సంగతి ఆయనకు తెలియదు, తెలుసుకోనూ లేదు. వేణ్ణీళ్ళు కాచి, గుప్పెడు సబ్బుపొడి గుమ్మరించి, చీర ముంచేసి టీ తాగడానికి వెళ్ళాడు.

వచ్చి చూస్తే బకెట్ నిండా ఎర్రనీళ్ళు. చీర పైకెత్తాడు. అంచు రంగు కారి మీగడరంగు ఒళ్ళంతా చారలు చారలుగా పట్టింది. అలవాటు కొద్దీ చెయ్యి బండ వైపు లేచి, మధ్యలోనే ఆగిపోయింది.

అప్పుడొక పాడు ఆలోచన వచ్చింది. ఎండలో ఒక్క గంట ఆరేసి, మడత పెట్టి, పెట్టె అడుగున పెట్టేస్తే సరి. పాత చీర, దానంతటదే రంగు వదిలిందంటే ఎవరు కాదంటారు? తీగ దాకా వెళ్ళాడు కూడా. తీరా చీర చేతిలో ఉండగా, చిన్నప్పుడు ఈశ్వరి పెట్టె తెరిచినప్పుడల్లా ఈ అంచును చెంపకు ఆనించుకుని, ఇది నాకెప్పుడిస్తారు నాన్నా అని అడగడం గుర్తొచ్చింది. ఆ పిల్లకు అబద్ధం చెప్పడానికి నోరెలా వస్తుంది? సిగ్గుతో చచ్చిపోయాడు. చీరను బకెట్లో పెట్టుకుని వీధి దాటాడు.

"లింగమ్మక్కా, చీర చెడగొట్టాను. ఏం చెయ్యాలో నాకు తెలీదు" అన్నాడు.

ఆ రెండు ముక్కలు అనడానికి పెద్ద బండ ఎత్తినంత పనైంది ఆయనకు. లింగమ్మ సూది పక్కన పెట్టి చీర అందుకుంది.

"ఎండలో వేశావా?"

"లేదక్కా. వెయ్యబోయి ఆగాను."

"బతికిపోయావు నాయనా. తడి మీదున్న రంగు వదులుతుంది. ఆరిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వదలదు."

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అందుకని తాను గడపలో కూర్చుని, చేయించడం మాత్రం సుంకన్న చేతే చేయించింది. ఎర్రంచు చీర ఒంటికి తగలకుండా ఎడమచేత్తో ఎత్తి పట్టుకోమంది. చల్లటి నీళ్ళు పొయ్యమంది, పారబొయ్యమంది, మళ్ళీ పొయ్యమంది. ఆయన ఒకసారి పిండబోతే కేకేసింది. అది రాయి కాదు, పసిబిడ్డకు నీళ్ళు పోస్తున్నాననుకొమ్మంది. బకెట్లు మోసి మోసి సుంకన్న తలప్రాణం తోకకొచ్చింది. పన్నెండో బకెట్‌కు నీళ్ళలో ఎరుపు తగ్గింది. అప్పుడు కుంకుడుకాయలు నానేసి, పిసికి, నురగ వడకట్టి, గంధం మరక మీద వేలికొసలతో రాయించింది. చివరికి చీరను పాత పంచెలో చాపలా చుట్టి, తడి అద్ది, తన వసారా నీడలో తిరగేసి ఆరవేయించింది. చారలన్నీ పోయాయి. లోపలి చెరుగున అరచేయంత మేర మాత్రం లేత గులాబీరంగు మిగిలింది.

సాయంత్రం మద్దమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా జరిగిందంతా చెప్పేశాడు సుంకన్న, దాచాలనుకున్న సంగతితో సహా. ఆమె చీర విప్పి ఆ మరకను వెతికి పట్టుకుంది. కుచ్చిళ్ళ చాటుకు పోయే చోటే ఉంది. తర్వాత ఆయన చేతులు చూసింది. రోజంతా నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. ఆమె కళ్ళు చెమర్చాయి.

"పోన్లే. నా చెయ్యి విరిగితే విరిగింది, నీ చెయ్యి మెత్తబడింది" అంది.

సీమంతం నాడు ఈశ్వరి ఆ చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. అంచును చెంపకు ఆనించుకుని నవ్వింది. సుంకన్న మొదటి తాంబూలం లింగమ్మకు ఇప్పించి, ఈ చీర ఇవాళ ఇక్కడుందంటే అది ఈ తల్లి చలవేనని పదిమందిలో చెప్పాడు. తనదేముంది, అడిగాడు, చెప్పానంది లింగమ్మ. అడగందే అమ్మైనా పెట్టదు కదా అని నవ్వింది.

మరుసటి వారం ఆయన ఆమె మోకాళ్ళకు సుఖంగా ఉండేలా గడప పక్కన నున్నటి నాపరాయి అరుగు వేశాడు. ఎంత ఎత్తు కావాలక్కా అని ముందే అడిగి మరీ వేశాడు.

తప్పు కూడా ఆ రంగులాంటిదే పిల్లలూ. తడి ఆరకముందే ఒప్పుకుని, తెలిసినవాళ్ళను అడిగితే వదిలిపోతుంది. దాచి ఆరబెడితే మరకై మిగిలిపోతుంది.